అడవి మృగములకు పరిచర్య: మన పిల్లలకు శిక్షణ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెయందు 25 సంవత్సరములు గ్రంథాలయము తలుపు మూయకుండ నడచుట సామాన్యమైన విషయము కాదు. దాని వెనుక ఎందరి చందాలు, ఎందరి ఓపిక కలవో మీకే తెలియును. ఈ ఉత్సవమునకు నన్ను పిలుచునపుడు కార్యదర్శిగారు ఒక షరతు పెట్టిరి. "మీకు తెలిసిన విషయమే చెప్పుడు, కాని మా పిల్లలకు దారి చూపునదిగా ఉండవలెను" అనిరి. నేను పశువైద్యమునందు జీవితము గడపినవాడను. కావున పశువైద్య విద్యార్థులు అడవి జంతువుల ఆసుపత్రిలో పొందు పరిచర్యా శిక్షణను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

"అడవి జంతువులకు ఆసుపత్రియా?" అని కొందరు నవ్వవచ్చును. మన సీమకు ఈ మాట కొత్త కారాదు. శ్రీకాళహస్తి అను పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు మూడును కలవు. మన పెద్దలు ఆ మూడింటికిని క్షేత్రము పేరులో చోటిచ్చిరి. శేషాచలము కొండలలో దేవాంగపిల్లి, బంగారు బల్లి, కణితి, దుప్పి, ఎలుగుబంటి, చిరుత మొదలగునవి నేటికిని కలవు. 1989లో ఆ అడవులలో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనము ఏర్పడినది. 2010లో శేషాచలము జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. పడమట పలమనేరు, కుప్పము ప్రాంతముల అడవి 1990లో కౌండిన్య అభయారణ్యమైనది. తూర్పున నేలపట్టు చెఱువునకు గూడబాతులును, పులికాటు సరస్సునకు ఫ్లెమింగోలును వచ్చును. ఇన్ని జీవములున్న సీమలో వానికి జబ్బులు రాకుండునా, గాయములు తగులకుండునా?

ఆ గాయములలో పెక్కు మన చేతి మీదుగా కలుగునవే. అడవి పందికి పెట్టిన ఉచ్చులో చిరుత నడుము చిక్కుకొనును. పందుల కొఱకు పిండిలో చుట్టి పెట్టిన నాటు బాంబును ఆవు కొఱికినను దవడ పగులును, ఎలుగుబంటి కొఱికినను దవడ పగులును. గట్టు లేని బావిలో రాత్రివేళ జంతువులు పడును. చేనికి వేసిన కరెంటు తీగ ఏనుగును చంపును. ఒక్కొక్కప్పుడు వేసిన రైతునే చంపును. 2023 జూన్ నెలలో పలమనేరు సమీపమున రహదారిపై వాహనము తగిలి మూడు ఏనుగులు మరణించినవి. ఇట్టి ప్రమాదములలో ప్రాణముతో మిగిలిన జంతువును ఎక్కడికి తీసికొనిపోవలెను? ఎవరు చూడవలెను? నా ప్రసంగమునకు మూలమైన ప్రశ్న ఇదియే.

తిరుపతిలో శేషాచలము పాదమున 1987లో శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఏర్పడినది. 5,000 ఎకరములకు మించిన స్థలము. మనము పండుగ సెలవులలో పిల్లలతో పోయి సింహమును, తెల్లపులిని చూచి, వేరుసెనగకాయలు తిని వచ్చెదము. ఆ తోట లోపల వైద్యశాల ఒకటి కలదని మనలో పెక్కుమంది ఎరుగరు. పులులను, సింహములను, ఎలుగుబంట్లను, కోతులను సర్కసులలో ఆడించుటను భారత ప్రభుత్వము 1998లో నిషేధించినది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును నిలబెట్టినది. అప్పుడు సర్కసుల నుండి విడిపించిన సింహములకు, పులులకు దేశములో కొన్నిచోట్ల రక్షణ కేంద్రములు కట్టిరి. తిరుపతి వానిలో ఒకటి. జీవితమంతయు ఇరుకు బోనులో గడపి, కీళ్ళు పట్టుకొనిపోయి, పండ్లరిగిన ముసలి మృగములు ఇక్కడికి చేరినవి. అది ఒక విధమైన వృద్ధాశ్రమమే అనవచ్చును. వానిలో పెక్కు కాలక్రమమున కన్నుమూసినవి. ఆ కడపటి దినములలో వానికి మెత్తని మాంసము కోసి పెట్టినవారు, కుంటి కాలిని కనిపెట్టి వైద్యునకు చెప్పినవారు, నేల కడిగినవారు పరిచారకులే. 2023లో తిరుమల నడకదారిలో చిరుత ఒక బాలికను చంపిన విషాదము మీకందరకు జ్ఞాపకమున్నది. ఆ పిమ్మట బోనులు పెట్టి పట్టిన చిరుతలను కూడ ఈ జంతు ప్రదర్శనశాలకే తెచ్చిరి.

ఇక విద్య సంగతి. ఒకప్పుడు మన జిల్లా యువకుడు పశువైద్యము చదువవలెనన్న మద్రాసు పోవలసియుండెను. అక్కడి కళాశాల 1903 నాటిది. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నాటిది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము తిరుపతి కేంద్రముగా ఏర్పడినది. పట్టభద్రులగు విద్యార్థులు చదువు ముగియు కాలమున ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ అను పేర ఆసుపత్రులలో చేతిపని నేర్చుకొందురు. ఆ కాలములో కొంత భాగము జంతు ప్రదర్శనశాలలో గడపుటయు కలదు. వీరు గాక, పదవ తరగతి పిమ్మట రెండు సంవత్సరములు చదివి డిప్లొమా పొందు పశుసంవర్ధక పాలిటెక్నిక్ విద్యార్థులు కలరు. మన పలమనేరులోనే అట్టి పాలిటెక్నిక్ ఒకటి కలదు. గ్రామ సచివాలయములలో పశుసంవర్ధక సహాయకులుగా మీరు చూచుచున్నవారు ఇట్టి చదువు చదివినవారే.

ఇంగ్లండు దేశమున పశువైద్యశాలలలో సాయపడు యువతీయువకులకు 1961లో ప్రత్యేక శిక్షణయు, పరీక్షయు ఏర్పరచిరి. కాని 'నర్సు' అను పేరు మనుష్యులకు పరిచర్య చేయువారికే చెందునని చట్టము అడ్డము వచ్చుటచే, వారిని 'సహాయకులు' అనియే పిలిచిరి. 'పశువైద్య నర్సు' అను పేరు వారికి 1984లో గాని దక్కలేదు. నేడు అక్కడి నర్సు విద్యార్థులు నక్కలు, గుడ్లగూబలు, హంసలు చేరు అడవి జంతువుల ఆసుపత్రులలో సహితము కొన్ని వారములు పని నేర్చుకొందురు. అదే 1984లో మన పార్లమెంటు భారత పశువైద్య మండలి చట్టమును చేసినది. దాని ప్రకారము వైద్యము చేయు హక్కు నమోదైన పశువైద్యునిది. డిప్లొమా పొందినవారు రాష్ట్ర ప్రభుత్వపు ఉత్తరువు ననుసరించి, వైద్యుని పర్యవేక్షణలో, చిన్న చికిత్సలు చేయవచ్చును. అనగా మన దేశమున పశువులకు నర్సు అను పేరుతో ప్రత్యేక వృత్తి ఏర్పడలేదు కాని, ఆ పని చేయు చేతులు మాత్రము ఉన్నవి. ఆ చేతులకు అడవి జంతువుల విషయమున తగిన శిక్షణ కావలెననుటయే నా వాదము.

"ఆవును చూచినవాడు దుప్పిని చూడలేడా?" అని అడుగవచ్చును. చూడలేడని నా అనుభవము. కారణములు చెప్పెదను.

మొదటిది, ఆవు తన బాధను దాచదు. మేత మానును, చెవులు వ్రేలవేయును, యజమాని వంక చూచును. అడవి జంతువు బాధను దాచుకొనును. బలహీనత బయటపడిన జంతువు అడవిలో మరొకదానికి ఆహారమగును. కావున దుప్పి కుంటుచున్నట్లు మన కంటబడినదనగా, అది చాలకాలముగా బాధపడుచున్నదని అర్థము. అందుచే విద్యార్థి మొట్టమొదట నేర్చుకొనవలసినది సూది వేయుట కాదు, చూచుట. నిన్న పెట్టిన మేతలో ఎంత మిగిలినది? పెంట గట్టిగానున్నదా, పలుచగానున్నదా? నీరు త్రాగినదా? ఏ ప్రక్కకు ఒరిగి పడుకొన్నది? ఇవి దూరమునుండి చూచి, పుస్తకములో గంటతో సహా వ్రాయవలెను. ఆ వ్రాతపుస్తకమే వైద్యునకు కన్ను.

రెండవది, ఆవునకు ఓదార్పు స్పర్శ. అడవి జంతువునకు అదియే హింస. మనము వీపు నిమిరి "ఏమమ్మా" అన్న ఆవు నెమ్మదించును. దుప్పిని నిమిరినచో, అది తన్ను తినబోవుచున్నారని తలచును. తరిమి పట్టిన దుప్పి, గుండె అదిరి, కండరములు లోలోపల చెడి, ఆ చెడుగు మూత్రపిండములకెక్కి, కొన్ని గంటలకో కొన్ని దినములకో చచ్చును. పైకి గాయమొక్కటియు కనబడదు. "మేమేమియు చేయలేదండీ, ఊరకనే చచ్చినది" అని పట్టినవారనుట నిజమే. వారు పట్టిన పట్టే దానిని చంపినది. కావున ఈ పరిచర్యలో సగము పాలు దూరముగా నుండుటయే. కన్నులకు గుడ్డ కప్పి, చీకటిలో నుంచి, మాటలు మాని, కావలసిన పని తక్కువ కాలములో ముగించి తొలగిపోవలెను. ప్రేమగల పిల్లలకు ఇది కష్టమైన పాఠము. చిరుతకూనను ఒడిలో పెట్టుకొని పాలు పట్టి ముద్దుచేసిన విద్యార్థి దానికి మేలు చేసితిననుకొనును. మనుష్యునకు అలవాటుపడిన చిరుతను తిరిగి అడవిలో విడువలేము. విడిచినచో అది ఊరి వంకకే వచ్చును. దాని జన్మ బోనులోనే ముగియును.

మూడవది, ఒకదానికి మందైనది మరొకదానికి విషము. మీ గొఱ్ఱెలకు పురుగులు పోవుటకు వేయించు ఐవర్మెక్టిన్ మీకందరకు తెలిసినదే. దానిని తాబేలునకు వేసిన చచ్చును. మన జ్వరమునకు మనము మ్రింగు పారాసిటమాల్ పిల్లిజాతిని చంపును. డైక్లోఫెనాక్ అను నొప్పి మందును పశువులకు విరివిగా వాడిన కాలమున, ఆ పశువుల కళేబరములను తినిన రాబందులు మూత్రపిండములు చెడి లక్షలుగా నశించినవి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. అప్పటికే రాబందులు కనబడని ఊళ్ళు ఎన్నియో అయినవి. ఊరి బయట కళేబరమును ఒక్క పూటలో శుభ్రము చేయు ఆ పక్షులు పోవుటచే, ఆ తిండి వీధికుక్కల పాలైనది. ఒక్క మందుసీసా ఎంతదూరము పోవునో చూడుడు.

నాలుగవది, మత్తు ఇచ్చు సమయము. పులికిగాని చిరుతకుగాని చికిత్స చేయవలెనన్న మొదట దూరమునుండి మత్తుసూది వేయవలెను. వైద్యుడు గాయము చూచుచుండగా, మిగిలిన ప్రాణమంతయు పరిచారకుని చేతిలో నుండును. వాడుకలోనున్న మత్తుమందు పనిచేయునపుడు కన్నులు మూతపడవు, తడియారి చెడిపోవును. కావున కంటికి లేపనము వ్రాసి గుడ్డ కప్పవలెను. ఊపిరి లెక్కపెట్టవలెను. ఒంటివేడి చూడవలెను. దుప్పినిగాని ఆవునుగాని రొమ్ముమీద కూర్చుండబెట్టినట్లుంచవలెను. ప్రక్కకు పడవేసిన కడుపుబ్బి చచ్చును. ఏనుగు సంగతి తద్విరుద్ధము. అది రొమ్ముమీద కూలబడినచో దాని బరువే ఊపిరితిత్తులను నొక్కి చంపును. దానిని ప్రక్కకే ఒరుగజేయవలెను. పశువుల కొట్టములో నేర్చిన పాఠము ఏనుగు దగ్గర ప్రాణము తీయును. పుస్తకమున చదువుట వేరు, వైద్యుని ప్రక్కన నిలిచి చూచుట వేరు. అందుకే ఆసుపత్రిలో శిక్షణ కావలెననుచున్నాను.

ఐదవది శుభ్రత. జంతువుల రోగములు గోడలను లెక్కచేయవు. పశువుల గాలికుంటు దుప్పులకు తగులును. కుక్కల వెఱ్ఱి ఏ క్షీరదమునకైనను అంటును. మనుష్యుని రోగము సింహమునకు ప్రాకుటయు కలదు: 2021లో హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 8 సింహములకు కోవిడ్ సోకినట్లు తేలినది. కాళ్ళు మందునీటి తొట్టిలో ముంచి లోపలికి పోవుట, ఒక గదిలోని చీపురు మరొక గదికి తీసికొనిపోకుండుట, కొత్తగా వచ్చిన జంతువును వేరుగా నుంచుట, ఇవి చిన్నపనులుగా కనబడును. ఈ చిన్నపనులలో ఒకటి తప్పినచో పెద్దవైద్యము వ్యర్థము.

ఇంతవరకు విని, ఇక్కడ కూర్చున్న రైతులు తమ మనస్సులో ఒక మాట అనుకొనుచుందురు. దానిని నేనే అనెదను. "మా చెఱకు తొక్కిన ఏనుగునకు వైద్యమా? మా దూడను తినిన చిరుతకు పరిచర్యయా? మా పిల్లవాడు వానికి సేవ చేయవలెనా?" ఈ మాటలో న్యాయము లేదని నేననను. 1980 దశకములో తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు మన కుప్పము, పలమనేరు కొండలకు వచ్చినప్పటినుండి రైతులు పడిన నష్టము, పోయిన ప్రాణములు కల్ల కావు. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో నేలమట్టమైనవానికి జీవకారుణ్యము బోధించుట సభ్యత కాదు. పరిహారము కాలములో అందవలెననుట వేరు పోరాటము, దానిని విడువకుడు.

అయినను రైతు మేలుకోరియే ఒక సంగతి చెప్పెదను. ఆరోగ్యముగానున్న చిరుత దుప్పిని వేటాడును. ఉచ్చులో కాలు తెగిన చిరుత వేటాడలేదు. దానికి చిక్కునది కట్టివేసిన దూడయు, పడుకొన్న కుక్కయు. ఒంటిమీద పుండు గల ఏనుగు గుంపులోని ఏనుగు వలె తొలగిపోదు, తిరుగబడును. కావున గాయపడిన మృగమునకు వైద్యము చేయుట దానికే కాదు, ఊరికిని రక్ష. ఏనుగులను అడవికి మళ్ళించుటకు 2025లో కర్ణాటక ప్రభుత్వము మనకు కుంకీ ఏనుగులనిచ్చినది. వానికి పలమనేరు దగ్గర ముసలిమడుగున శిబిరము కట్టిరి. ఆ కుంకీల పాదములు, గోళ్ళు, మేత, ఒంటి పుండ్లు ప్రతిదినము చూచువారు కావలెను. ఆ మావటీల ప్రక్కన నిలిచి పని నేర్చుకొనవలసినవారు మన పలమనేరు పిల్లలు గాక మరెవ్వరు?

తల్లిదండ్రులకు మరొక శంక కలదు. "ఇందులో ఉద్యోగములెన్ని?" అని. దాచి చెప్పను, అడవి జంతువుల ఆసుపత్రులలో కొలువులు తక్కువ. కాని అక్కడ కొన్ని వారములు పనిచేసిన పిల్లవాడు గొఱ్ఱెల మందకు మరలి వచ్చినపుడు మారిన మనిషియై వచ్చును. దాచుకొన్న రోగమును కనిపెట్టు కన్ను వచ్చును. మందు తూచి వేయు భయము వచ్చును. చేతులు కడుగు అలవాటు వచ్చును. ఈ మూడును మీ పాడిపశువులకే లాభము. ఆడపిల్లలకు ఇది తగదనువారికి ఒక్క మాట: ఈ పనికి కావలసినది కండబలము కాదు, నిదానము. నిదానములో మన ఆడపిల్లలు ఎవ్వరికిని తీసిపోరు.

అయితే పిల్లలను పంపునపుడు పంపువారును, చేర్చుకొనువారును కొన్ని కట్టుబాట్లు పాటింపవలెను. లోపల అడుగు పెట్టకముందే వెఱ్ఱికుక్కకాటు రోగమునకు ముందుజాగ్రత్త టీకాలు వేయింపవలెను. విద్యార్థి ఒంటరిగా ఏ బోను గడియయు తీయరాదు. జంతువు ప్రక్క నిలిచి ఫోటోలు దిగుట మానవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, శిక్షణకు వచ్చినవారిని కూలి లేని పనివారుగా చూడరాదు. నేల కడుగుట నేర్పవలసినదే. కాని ఎందుకు కడుగవలెనో చెప్పక, నెల పొడుగున చీపురు మాత్రమే చేతికిచ్చిన అది శిక్షణ కాదు. భోజనమునకు, బసకు ఏర్పాటులేనిచో పేదవాని బిడ్డ రాలేడు. అప్పుడీ విద్య కలవారి వేడుకగా మిగిలిపోవును. పాలిటెక్నిక్ విద్యార్థుల చదువు ప్రధానముగా పాడిపశువులు, గొఱ్ఱెలు, మేకలు, కోళ్ళ నిమిత్తము ఏర్పడినది, అది సరియైనదే. ఇష్టమున్నవారికి మాత్రము కొన్ని వారములు తిరుపతి జంతు ప్రదర్శనశాలలోనో, ఏనుగుల శిబిరములోనో, తగిన భత్యముతో శిక్షణ ఇప్పించవలెనని ఈ సభాముఖమున మనవి చేయుచున్నాను. ఈ కోరికను మన గ్రంథాలయ సంఘము ఒక తీర్మానముగా వ్రాసి పంపిన, ఒక్కని గొంతుకు బదులు ఊరి గొంతు వినబడును.

చివరకు, ఆసుపత్రి ఎంత గొప్పదైనను, జంతువు బ్రతుకుట చావుట తరచుగా మొదటి గంటలో తేలిపోవును. ఆ మొదటి గంట మీ చేతిలో నున్నది. చేలో రెక్క విరిగిన గ్రద్దయో, కుక్కలు కఱచిన దుప్పిపిల్లయో కనబడినపుడు చేయవలసినది కొంచెమే. కుక్కలను, జనమును దూరము పంపుడు. చిన్నదైన గాలి తగులు అట్టపెట్టెలో నుంచి గుడ్డ కప్పి చీకటిలో పెట్టుడు. నోట నీరు పోయకుడు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఆవుపాలు పట్టకుడు, అడవి పిల్లలకు అవి సరిపడక విరేచనములు పట్టుకొనును. పెద్ద మృగమైనచో దగ్గరకే పోకుడు. వెంటనే అటవీశాఖవారికి తెలియజేయుడు. ఇంటిలో ఉంచుకొని పెంచుదమనుకొనకుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. గూడు దగ్గర నేలపై గెంతుచున్న పిట్టపిల్లలు, గడ్డిలో కదలక పడుకొన్న దుప్పికూనలు చాలసార్లు అనాథలు కావు. తల్లి మేతకు పోయియుండును. వానిని ఎత్తుకొని వచ్చుటయే వానిని అనాథలను చేయుట.

ఈ కొద్దిమాటలను ఒక పలకపై వ్రాయించి, క్రింద అటవీశాఖవారి ఫోను నంబరు, పశువైద్యుని ఫోను నంబరు చేర్చి, గ్రంథాలయము గోడకు తగిలింపుడు. ప్రక్కన ఒక నోటుపుస్తకము వ్రేలాడదీయుడు. ఏ తేదీన, ఏ చేను దగ్గర, ఏ జంతువు కనబడినది, ఏ పశువునకు ఏ జబ్బు వచ్చినది అని చందాదారులు వ్రాయవచ్చును. పది సంవత్సరములకు అది ఏ విశ్వవిద్యాలయమునందును దొరకని గ్రంథమగును. గ్రంథాలయము పుస్తకములను దాచునది మాత్రమే కాదు, పుట్టించునది కూడ కావలెను.

 ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి, ఈ ఊరి పిల్లలలో ఒక్కరైనను ఆ ఆసుపత్రిలో పని నేర్చి వచ్చి, ఇదే వేదికపై నాకంటె బాగుగా మాటలాడుదురు గాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.